పెనం మీద చికెన్, 3వ పాఠం: బ్రెస్ట్ పీస్ ఎండిపోకుండా

పోయిన పాఠంలో చేసిన లెగ్ పీసులు ఐదు నిమిషాలు ఎక్కువ ఉడికినా ఏమీ కాదు. బ్రెస్ట్ అలా ఊరుకోదు. అందులో కొవ్వు బాగా తక్కువ. వేడి ఎక్కువయ్యే కొద్దీ కండ బిగుసుకుని, లోపలి నీటిని బయటికి తోసేస్తుంది. ఎండిపోయిన ముక్కకు ఎంత మసాలా పట్టించినా లాభం లేదు.

అసలు చిక్కంతా మందంలోనే ఉంది. ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. లావు వైపు ఉడికేలోపు సన్నం వైపు పీచవుతుంది. అందుకే షాపులో "బోన్‌లెస్ బ్రెస్ట్, ముక్కలు కొట్టొద్దు" అని ముందే చెప్పండి. ఇంటికొచ్చాక అరచేత్తో పైనుంచి అదిమి పట్టుకుని, కత్తిని అడ్డంగా నడిపి రెండు పలకలుగా చీల్చండి. లావున్న చోట ప్లాస్టిక్ కవర్ వేసి అప్పడాల కర్రతో తట్టండి. అంతటా ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే చాలు.

అరకిలోకి ఒక టీస్పూను ఉప్పు రాసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక టిష్యూతో తడి పూర్తిగా అద్దేయండి. తడి ఉన్నంతసేపు పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎర్రగా వేగడానికి 140 దాకా కావాలి. కారం మాత్రం ఇప్పుడే వద్దు. మాడిపోయి ఇల్లంతా దగ్గులే.

ఇనుప పెనం మీడియం మంట మీద బాగా కాగాక రెండు టీస్పూన్ల నూనె వేసి, పలకను మీకు అవతలివైపు వాలేలా పరచండి. నాలుగు నిమిషాలు కదపొద్దు. అతుక్కుంటే టెన్షన్ పడి గీకకండి, వేగితే దానంతటదే వదులుతుంది. తిప్పాక మంట కాస్త తగ్గించి ఇంకో రెండు మూడు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే పక్కనుంచి మధ్యలోకి గుచ్చి చూడండి, 74 డిగ్రీలు రావాలి. లేకపోతే లావున్న చోట కోసి చూడండి. గులాబీ రంగు, జిగురు మెరుపు కనిపిస్తే ఇంకో నిమిషం ఉంచాలి.

దించాక ఐదు నిమిషాలు ఆగి, పీచుకు అడ్డంగా కోయండి. మిరియాల పొడి, నిమ్మరసం ఇప్పుడు. పెనం అడుగున అంటుకున్న గోధుమరంగు పొర కడిగేయకండి, అరకప్పు నీళ్లు పోసి గీకి గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. 4వ పాఠంలో గ్రేవీ దాంతోనే చేస్తాం.