డెస్క్‌టాప్ ఖాళీ, ఫైళ్ళు ఎక్కడ? క్లౌడ్ సింక్ వల్ల ఫైళ్ళు కనబడకపోతే ఏం చేయాలి

తిరుపతి బైరాగిపట్టెడలో నాకు చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు ఉంది. ఒకప్పుడు వైరస్ పట్టిందనో, కరెంటు వచ్చీ పోయీ హార్డ్ డిస్కు కాలిందనో వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా వినే మాట వేరే: "అన్నా, నేనేమీ డిలీట్ చెయ్యలేదు. పొద్దున తెరిచి చూస్తే డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలూ లేదు, అన్నీ పోయినాయి." వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. చాలాసార్లు ఆ ఫైళ్ళు పోలేదు, చోటు మారాయంతే. నిజంగా పోవడం ఆ తర్వాత, కంగారులో చేసే పనుల వల్ల జరుగుతుంది.

కాబట్టి టెన్షన్ పడకుండా ముందు మూడు పనులు మానండి. క్లౌడ్ యాప్‌ను (మీ ఫైళ్ళను ఇంటర్నెట్‌లోని ఖాతాతో ఎప్పటికప్పుడు సమానం చేసే, అంటే సింక్ చేసే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటిది) అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. ఫార్మాట్ కొట్టించకండి. రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే డ్రైవులో ఎక్కించకండి. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ అయితే టాస్క్‌బార్‌లో గడియారం దగ్గరున్న మేఘం గుర్తు నొక్కి, సెట్టింగ్స్ చక్రంలో 'పాజ్ సింకింగ్' ఎంచుకోండి. 2, 8, 24 గంటలని అడుగుతుంది, 24 పెట్టండి. ఇక తీరిగ్గా ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి, అదే ఖాతాతో లాగిన్ అయి, ఫైళ్ళు అక్కడ ఉన్నాయో లేవో చూడండి. అక్కడ కనిపిస్తే సగం భయం తీరినట్టే.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఖాళీ. ఎవరూ ఏమీ తుడవలేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. విండోస్ సెటప్‌లోనో, తర్వాత ఏదో నోటిఫికేషన్‌లో 'నెక్స్ట్' నొక్కినప్పుడో వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్ అయి ఉంటుంది. పేరు బ్యాకప్ కాబట్టి మన ఫైళ్ళు ఉన్నచోటే ఉండి, ఇంకో కాపీ పైకి, అంటే క్లౌడ్‌లోకి వెళుతుందనుకుంటాం. అలా కాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. తర్వాత ఎప్పుడో మీరు ఆ బ్యాకప్ ఆపేస్తే విండోస్ మళ్ళీ పాత ఫోల్డర్‌నే చూపిస్తుంది. అది ఖాళీగా ఉంటుంది. ఫైళ్ళు మాత్రం మామూలుగా వన్‌డ్రైవ్ లోపలే ఉండిపోతాయి. ఖాళీ ఫోల్డర్‌లో 'వేర్ ఆర్ మై ఫైల్స్' అని ఒక షార్ట్‌కట్ కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు, జరిగింది ఇదే.

పరిష్కారం: సి డ్రైవులో యూజర్స్, అందులో మీ పేరున్న ఫోల్డర్, అందులో వన్‌డ్రైవ్ తెరవండి. లోపల ఇంకో డెస్క్‌టాప్, ఇంకో డాక్యుమెంట్స్ ఉంటాయి. వాటిలోని ఫైళ్ళను మీ పేరు కింద నేరుగా ఉన్న డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌లోకి తెచ్చుకోండి. కట్ చెయ్యకండి, కాపీ చెయ్యండి. కట్ చేస్తే క్లౌడ్‌లోంచి కూడా తీసేసినట్టే, మధ్యలో కరెంటు పోతే ఏది ఎక్కడుందో తేల్చుకోవడం తలనొప్పి. కాపీ అయ్యాక రెండు వైపులా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్య సరిచూసుకోండి. ఈ ఒక్క నిమిషం పని ఎవరూ చెయ్యరు, కానీ నేను మాత్రం చెయ్యనిదే ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వను.

పేరు కనిపిస్తుంది, తెరిస్తే రాదు

ఫైలు పక్కనున్న గుర్తు చూడండి. నీలం మేఘం ఉంటే ఆ ఫైలు మీ దగ్గర లేదు, పేరు మాత్రమే ఉంది. ఇంటర్నెట్ ఉంటే తెరిచినప్పుడు దిగుతుంది. తెల్లటి వృత్తంలో ఆకుపచ్చ టిక్కు ఉంటే ప్రస్తుతానికి కంప్యూటర్‌లో ఉంది, చోటు తక్కువైతే వెళ్ళిపోవచ్చు. నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్కు ఉంటేనే అది ఎప్పుడూ మీ డిస్కు మీద ఉంటుంది. గుర్తులతో పని లేకుండా తేల్చుకోవాలంటే ప్రాపర్టీస్‌లో 'సైజ్ ఆన్ డిస్క్' చూడండి. ఫైలు 40 ఎంబీ అని ఉండి, డిస్కు మీద 0 బైట్లు అని ఉంటే అది పైనే ఉంది.

ఇలా కావడానికి మీరే ఎప్పుడో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కి ఉండొచ్చు, లేదా విండోస్‌లోని స్టోరేజ్ సెన్స్ చాలాకాలం తెరవని ఫైళ్ళను పైకి పంపి ఉండొచ్చు. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' నొక్కండి. రోజుకు ఒకటిన్నర జీబీ మొబైల్ డేటాతో పెద్ద ఫోల్డర్‌కు ఇది పెట్టకండి, మధ్యలో ఆగిపోతుంది. వైఫై ఉన్నచోట రాత్రంతా వదిలేయండి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మేఘం గుర్తున్న ఫైళ్ళ కోసం డేటా రికవరీకి డబ్బులు పోయకండి. అసలు డిస్కు మీద లేని ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ డిస్కులోంచి తియ్యలేదు. ఇలాంటి ఫైలును డిలీట్ చేస్తే అది మీ కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. వెతకాల్సింది క్లౌడ్ ఖాతాలోని బిన్‌లోనే.

'స్టోరేజ్ ఫుల్' అంటే పైన తుడిచాం, కింద కూడా పోయాయి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మొన్న మామిడికాయల సీజన్‌లో దామలచెరువు మండీలో లెక్కలు రాసే అబ్బాయి వచ్చాడు. తోతాపురి లోడ్ల తూకం చీటీలన్నీ ఫొటోలు తీసి డెస్క్‌టాప్ మీద రైతు పేరుతో ఫోల్డర్లు పెట్టుకున్నాడు. రెండు వారాల్లో ఉచితంగా ఇచ్చిన క్లౌడ్ నిండింది. మెయిల్ మీద మెయిల్ వస్తుంటే, "కంప్యూటర్లో ఉండనే ఉండాయి కదన్నా" అనుకుని వెబ్‌సైట్‌లో అన్నీ సెలెక్ట్ చేసి తుడిచేశాడు. పది నిమిషాల్లో డెస్క్‌టాప్ కూడా ఖాళీ. రైతులకు ఇవ్వాల్సిన డబ్బు లెక్క ఆ చీటీల మీదే ఉంది. మండీ సావుకారికి ఏమని చెప్పాలో తెలియక మూడు రోజులు దాచి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

అతని తప్పేమీ లేదు. క్లౌడ్ అంటే ఇంకో బీరువా అనుకున్నాడు. సింక్ అనేది బీరువా కాదు, అద్దం. అదీ మామూలు అద్దం కాదు. ముఖాన బొట్టు చెరిపితే అద్దంలో చెరుగుతుంది, అద్దంలో చెరిపినా ముఖాన చెరుగుతుంది.

ముందు కంప్యూటర్ రీసైకిల్ బిన్ చూశాం. కొన్నే ఉన్నాయి, అన్నీ లేవు. తర్వాత వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ఎడమవైపున్న రీసైకిల్ బిన్ తెరిచి, తుడిచిన తేదీ ప్రకారం వరుసపెట్టి, అన్నీ ఎంచుకుని 'రిస్టోర్' నొక్కాం. ఫోల్డర్లు పాత చోటికే వచ్చాయి. మూడు రోజుల్లో వచ్చాడు కాబట్టి సరిపోయింది.

గడువులు గుర్తుంచుకోవాలి. వన్‌డ్రైవ్ సొంత ఖాతా బిన్‌లో 30 రోజులు ఉంటాయి, బిన్ నిండితే పాతవి ఇంకా ముందే పోతాయి. ఆఫీసు, కాలేజీ ఇచ్చిన ఖాతా అయితే మామూలుగా 93 రోజులు. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు. మైక్రోసాఫ్ట్ 365కు డబ్బు కట్టేవాళ్ళకు వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏ రోజు స్థితికైనా వెనక్కి తీసుకెళ్ళే వీలు కూడా ఉంది. చోటు కావాలని బిన్ ఖాళీ చేసి ఉంటే మాత్రం పని చాలా కష్టం.

నిజంగా చోటు ఖాళీ చెయ్యాలంటే వరుస ఇది. కావలసిన ఫోల్డర్లన్నీ ముందు కంప్యూటర్‌లోకి పూర్తిగా దించుకోవాలి. వాటిని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్ళు అక్కడి నుంచే తెరిచి చూడాలి. తర్వాత వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో 'సింక్ అండ్ బ్యాకప్', 'మేనేజ్ బ్యాకప్'లోకి వెళ్ళి ఒక్కో ఫోల్డర్ బ్యాకప్ ఆపాలి. సింక్ ఫోల్డర్‌కు బయట ఫైళ్ళు ఉన్నాయని కళ్ళారా చూశాకే పైన తుడవాలి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ. గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. ఫొటోలు తీసే పని ఉన్నవాళ్ళకు అది చాలదు. అందుకే ఆ అబ్బాయి చీటీల ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీద నుంచి తీసి డి డ్రైవులో పెట్టించాను. వారానికోసారి పెన్ డ్రైవులోకి కాపీ చేసి సావుకారి చేతికి ఇస్తున్నాడు.

వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లోని 'చూజ్ ఫోల్డర్స్'లో టిక్కు తీసేసినవాళ్ళు కూడా ఇలాగే భయపడతారు. అక్కడ టిక్కు తీస్తే ఆ ఫోల్డర్ కంప్యూటర్‌లోంచి పోతుంది, క్లౌడ్‌లో ఉంటుంది. మళ్ళీ టిక్కు పెడితే దిగుతుంది.

ఫోన్‌లో ఫొటోలు

గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే బ్యాకప్ అయినవి ఫోన్‌లోంచి మాత్రమే పోతాయి, యాప్‌లో కనిపిస్తూనే ఉంటాయి. అదే యాప్‌లో ఫొటో ఎంచుకుని డిలీట్ కొడితే రెండు చోట్లా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో అయితే ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది.

వెబ్‌సైట్‌లో లాగిన్ అయినా ఏమీ లేవు

అయితే మీరు చూస్తున్న ఖాతా వేరే అయి ఉండొచ్చు. ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి రెండు రోజులు ఏడ్చి నా దగ్గరికి వచ్చింది. థీసిస్ అధ్యాయాలన్నీ డాక్యుమెంట్స్‌లో ఉన్నాయి, ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఎవరో ఫార్మాట్ చేసి ఇచ్చారు. తన మెయిల్‌తో వెబ్‌సైట్‌లో చూస్తే ఖాళీ. "కొన్నప్పుడు సెటప్ ఎవరు చేశారమ్మా?" అని అడిగాను. షాపువాళ్ళే ఏదో మెయిల్ ఐడీ కొట్టి ఇచ్చారట. అంటే మూడేళ్ళ రాత అంతా తనకు పాస్‌వర్డ్ తెలియని ఖాతాలోకి వెళ్ళింది.

ఫార్మాట్ కాకముందే అయితే విండోస్ సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' తెరిస్తే ఆ ఐడీ కనిపిస్తుంది. ఈ అమ్మాయి పాత మెయిళ్ళలో, ఆఫీస్ యాక్టివేట్ చేసినప్పటి స్క్రీన్‌షాట్‌లో ఆ ఐడీ దొరికింది. బిల్లు పట్టుకుని ఆ షాపుకే వెళ్ళమన్నాను. పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఓటీపీ షాపులో పనిచేసే కుర్రాడి నంబరుకు వచ్చింది, అతను చెప్పాడు. అధ్యాయాలన్నీ దొరికాయి. నా షాపులోనే కూర్చుని సొంత ఐడీ తెరిచి, వాటిని దించుకుని, ల్యాప్‌టాప్‌ను ఆ ఐడీకి మార్చుకుంది. పాత ఖాతాలోవి తుడిచేయనా అని అడిగితే, గైడ్ చేతికి ప్రింట్ ఇచ్చేదాకా ఆగమన్నాను.