విద్యుత్ కారు సస్పెన్షన్ – నాలుగవ పాఠం: కాయిల్ స్ప్రింగా, ఎయిర్ స్ప్రింగా?

స్ప్రింగు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని కొలవడం, ఆ అంకె నుంచి కారు బాడీ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కగట్టడం గత పాఠంలో నేర్చుకున్నాము. అదే లెక్క ఇప్పుడు ఒక నిర్ణయానికి పనికివస్తుంది: విద్యుత్ కారుకు ఉక్కు కాయిల్ స్ప్రింగులు సరిపోతాయా, లేక ఎయిర్ సస్పెన్షన్ కోసం అదనంగా డబ్బు పెట్టాలా?

బ్యాటరీ ఒక్కటే కొన్ని వందల కిలోలు తూగుతుంది కాబట్టి విద్యుత్ కారుకు ఎయిర్ సస్పెన్షన్ తప్పదని చాలామంది అంటారు. ఈ వాదం లెక్కకు నిలవదు. బ్యాటరీ ఎంత బరువైనా అది మారని బరువు. దానికి తగినంత గట్టి కాయిల్‌ను అమర్చితే సరిపోతుంది. కాయిల్‌కు చిక్కు తెచ్చేది మారే బరువు, అంటే ఎక్కే దిగే మనుషులూ, డిక్కీలో పెట్టే సామానూ.

అంకెలు వేసి చూద్దాము. ఒక విద్యుత్ కారులో వెనుక చక్రం ఒక్కొక్కటి ఖాళీగా ఉన్నప్పుడు 450 కిలోల బాడీ బరువు మోస్తోందనీ, ఆ స్థితిలో ఊగే రేటు 1.4 హెర్ట్జ్, అంటే సెకనుకు 1.4 సార్లు, ఉండేలా స్ప్రింగును ఎంచుకున్నారనీ అనుకోండి. చక్రం దగ్గర కావలసిన గట్టిదనం మిల్లీమీటరుకు సుమారు 35 న్యూటన్లు. వెనుక సీటు నిండి, సామాను కూడా చేరి, చక్రానికి మరో 150 కిలోలు పడితే బాడీ దాదాపు 42 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఊగే రేటు 1.2 హెర్ట్జ్‌కు తగ్గుతుంది. ఇదే లెక్కను చక్రానికి 300 కిలోలే మోస్తూ, ఖాళీగా అదే 1.4 హెర్ట్జ్ రేటుతో ఊగే తేలికపాటి పెట్రోలు కారుకు వేస్తే, అవే 150 కిలోలకు అది 63 మిల్లీమీటర్లు కుంగుతుంది, రేటు 1.14కు పడిపోతుంది. బరువైన విద్యుత్ కారే ప్రయాణికుల బరువుకు తక్కువగా చలిస్తుందన్నమాట. ఈ ఫలితం మొదట వింతగా తోచవచ్చు; అందుకే మీ కారు అంకెలతో ఒకసారి స్వయంగా చేసి చూడండి.

ఎయిర్ స్ప్రింగులో ఉక్కు చుట్టకు బదులు బలమైన రబ్బరు సంచిలో బంధించిన గాలి బరువును మోస్తుంది. బాడీ కుంగినట్టు హైట్ సెన్సర్ చెప్పగానే కంప్రెసర్ లేదా నిల్వ ట్యాంకు నుంచి వాల్వుల ద్వారా గాలి చేరి, కారు పాత ఎత్తుకు వస్తుంది. పీడనంతోపాటు గట్టిదనమూ బరువుకు దాదాపు అనుపాతంలో పెరుగుతుంది కనుక ఊగే రేటు పెద్దగా మారదు. సంచికి కలిసి ఉన్న గాలి గదుల ఘనపరిమాణం తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. 2019లో వచ్చిన పోర్షే టైకాన్‌కు అమర్చిన మూడు గదుల ఎయిర్ స్ప్రింగు, గదులను మూస్తూ తెరుస్తూ ఈ సూత్రాన్నే వాడుకుంటుంది. అయితే చిన్న గుంటల కుదుపును ఎయిర్ స్ప్రింగే మాయం చేస్తుందని ఆశించవద్దు. ఆ పనిలో టైర్లకూ షాక్ అబ్జార్బర్లకూ ఉన్న పాత్ర చాలా పెద్దది.

రెండవ లాభం వేగంలో ఉంది. గాలి నిరోధ బలం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, హైవే మీద సంచుల్లోని గాలి కొంత వదిలి కారును కొద్దిగా కిందికి దించితే బ్యాటరీ ఖర్చు కొంత తగ్గుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేవారికి ఆ లాభం లెక్కలోకి రాదు. పైగా గాలి నిరోధం తగ్గించడానికి ఇదొక్కటే మార్గం కాదు. అతి తక్కువ గాలి నిరోధంతో పేరు తెచ్చుకున్న లూసిడ్ ఎయిర్ సెడాన్ కాయిల్ స్ప్రింగుల మీదే నడుస్తుంది. బీఎండబ్ల్యూ ఐ4లో ముందు కాయిల్, వెనుక ఎయిర్ అమర్చారు. బరువు ఎక్కువగా మారేది వెనుకే కనుక ఇది నాకు అన్నిటికన్నా తెలివైన మధ్యేమార్గంగా కనిపిస్తుంది.

ఇక నష్టాలు. కాయిల్ తుప్పు పట్టి విరగవచ్చు, అంతకుమించి అడిగేది తక్కువ. ఎయిర్ వ్యవస్థలో రబ్బరు సంచి మడతల దగ్గర పగుళ్లిస్తుంది. చిన్న లీకును పూడ్చడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి చివరికి కాలిపోతుంది. గాలిలోని తేమను పీల్చే డ్రయర్ తేమతో నిండితే చలిలో వాల్వులు గడ్డకట్టవచ్చు. 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌కు ఎయిర్ సస్పెన్షన్ ఇస్తే, లీకులతో విసిగిన యజమానులు చాలామంది కాయిల్స్‌కు మార్చుకున్నారు. నేటి రబ్బరూ సీళ్లూ ఎంతో మెరుగే అయినా, వారంటీ ముగిశాక కూడా ఏళ్ల తరబడి కారును ఉంచుకునేవారు ఒక సంచి, ఒక కంప్రెసర్ మార్చే ఖర్చును ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు అభ్యాసం. సమతలంపై కారును కొద్దిగా ముందుకూ వెనక్కూ నడిపి ఆపి, చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు చోట్లా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా అంకెలో కలుస్తుంది. కాయిల్ కారైతే మీరు తరచుగా మోసే నిండు బరువుతో మళ్లీ కొలవండి. వెనుక తగ్గుదల పైలెక్కలోని 42 మిల్లీమీటర్ల దరిదాపులకు ఏడాదిలో ఏ నాలుగైదు రోజులో వస్తే కాయిల్‌తోనే ఉండండి. వారానికి పలుమార్లు వస్తుంటే, లేదా మీ ప్రయాణంలో అధికభాగం హైవే అయితే, వెనుక ఇరుసుకైనా ఎయిర్ ఉన్న మోడల్‌ను పరిశీలించండి.

వాడిన ఎయిర్ సస్పెన్షన్ కారు కొనేవారు రాత్రి కొలిచి, ఉదయం తలుపు తెరవకముందే మళ్లీ కొలవాలి, ఎందుకంటే తలుపు తెరవగానే కొన్ని కార్లు ఎత్తును సరిదిద్దుకుంటాయి. రాత్రి చలికి గాలి కుంచించుకుపోతుంది. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 7కు పడితే సంచిలోని గాలి పరమ పీడనం (శూన్యం నుంచి లెక్కించే పీడనం), ఘనపరిమాణం మారకుంటే, సుమారు 7 శాతం తగ్గుతుంది. కనుక నాలుగు మూలలూ కొద్దిగా, ఇంచుమించు సమానంగా దిగితే భయపడనక్కరలేదు. ఒక్క మూలే దిగితే ఆ సంచి మడతల మీదా పైపు అతుకుల మీదా సబ్బునీరు చల్లి బుడగల కోసం చూడండి. జాకీ మోడ్ (కారు ఎత్తు దానంతట అదే మారకుండా ఆపే అమరిక) పెట్టి, కారును స్టాండ్ల మీద నిలిపితే తప్ప ఏ పరిస్థితిలోనూ కింద చేయి పెట్టవద్దు.

మీరు కొలిచిన ఎనిమిది అంకెలను రాసి ఉంచుకోండి. షాక్ అబ్జార్బర్లను పరీక్షించే ఐదవ పాఠంలో వాటితోనే మొదలుపెడతాము.