స్వీయ పరిశీలన – 4వ పాఠం: భయంలోంచి ఒళ్లు తీసేస్తే మిగిలేది

కిందటి పాఠంలో మీ కోపం గురించి రాసుకొమ్మన్న కాగితం బయటికి తీయండి. "నన్ను చిన్నచూపు చూశారు" లాంటి వాక్యాలే ఉన్నాయా? అవి కోపానికి కారణాలు, కోపం కాదు. దాదాపు అందరూ మొదట ఇలాగే రాస్తారు. కొట్టేయకండి, పక్కన "ఒంట్లో ఏం జరిగింది?" అని రాసి జాబితా వేయండి.

ఈ రోజు నేర్చుకునేది ఒక తీసివేత లెక్క. ఇది అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వవేత్త విలియం జేమ్స్‌ది. ఆయన 1869లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నారు కానీ వైద్యం చేయలేదు. 1873లో అక్కడే శరీరధర్మశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి, మనస్తత్వశాస్త్రం మీదుగా 1880లో తత్వశాస్త్ర శాఖలో సహాయ ఆచార్య పదవికి చేరారు. గుండె, నరాల గురించి పాఠం చెప్పిన మనిషి కాబట్టే 1884లో 'మైండ్' పత్రికలో అంత ధైర్యంగా రాయగలిగారని నా అనుమానం: దుఃఖం వచ్చి ఏడవడం కాదు, ఏడుస్తున్నాం కాబట్టే దుఃఖం.

వాదన తర్వాత, ముందు చేసి చూడండి. చీకట్లో మెట్లు దిగుతున్నారు. అయిపోయాయనుకొని కాలు వేశారు, ఇంకో మెట్టు ఉంది. పాదం కింద గాలి. ఆ క్షణాన్ని గుర్తు తెచ్చుకొని ఒక్కొక్కటే తీసేయండి: గుండె దడ, ఆధారం కోసం చాచిన చెయ్యి, అరికాలి జిల్లు, బిగబట్టిన ఊపిరి. తీసిన ప్రతిసారీ భయం ఎంత మిగిలిందో పదికి ఒక అంకె వేయండి. అన్నీ ఒకేసారి తీసేస్తే లెక్క చెడుతుంది. నాకైతే ఊపిరి దగ్గరే అంకె ఎక్కువగా పడిపోతుంది.

చివరికి "పడబోయాను" అన్న చల్లటి సమాచారం ఒక్కటే మిగిలితే, జేమ్స్ చెప్పింది మీకు దొరికినట్టే.

ఇక చిక్కు. 1927లో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, భయంలోనూ కోపంలోనూ లోపలి అవయవాల్లో జరిగేది దాదాపు ఒకటేనని ఎత్తిచూపారు. కోపం జాబితాను ఈ భయం జాబితా పక్కన పెట్టి పోల్చండి. రెండిట్లోనూ ఉన్నవాటికి సున్నా చుట్టండి. సున్నాలు పడనివి ఎన్ని? ఏమీ మిగలకపోతే, "పడబోయాను"ను, "చిన్నచూపు చూశారు"ను మళ్లీ లెక్కలోకి తెచ్చుకోక తప్పదు.

5వ పాఠంలో ఇదే తీసివేత 'నేను' మీద. జేమ్స్ తన 1890 నాటి గ్రంథంలో 'నేను' కోసం లోపల వెతికితే ఎక్కువగా తలలో, తలకూ గొంతుకూ మధ్య కదలికలే దొరికాయి. ఈ వారం మౌనంగా ఏదైనా చదువుతూ గొంతు మీద వేలు పెట్టి చూడండి.