చలికాలానికి ముందు నేల ఆర్కిడ్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో ఉంటున్న తెలుగువారి ఇళ్ళలో అక్టోబరు రాగానే కరివేపాకు, మల్లె, తులసి కుండీలు ఒక్కొక్కటిగా ఇంటిలోపలికి చేరుతాయి. ఆ వరుసలోనే పెరటి నేలలో పెరిగే లేడీ స్లిప్పర్ అనే ఆర్కిడ్‌ను కూడా వెచ్చని గదిలోకి తెస్తే, జాలితోనే దానికి అపకారం చేసినవారమవుతాము. సిప్రిపీడియం అనే ఈ జాతి ఆకులు శరదృతువులో పండి ఎండిపోతాయి. అయితే మొక్క చనిపోదు. వచ్చే ఏటి మొగ్గను నేలమట్టానికి కాస్త కింద సిద్ధం చేసుకుని నిద్రిస్తుంది. ఆ నిద్రకు సుమారు మూడు నెలల పాటు 0 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ దాకా చలి అవసరం. అది దొరకని మొక్క వసంతంలో బలహీనంగా మొలిచి, క్రమంగా క్షీణిస్తుంది.

చలి కన్నా ఎక్కువ భయపడవలసినది తడికి. బంకమట్టిలో నిలిచిన నీరు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు కలిసి మొగ్గను కుళ్ళబెడతాయి. అందుచేత నేల గడ్డకట్టక ముందే, వాన పడిన మరునాడు పాదు దగ్గర నీరు నిలిచిందేమో చూసి, నిలిస్తే కాలువ తీయాలి, లేదా ముతక ఇసుక, పెర్లైట్ (నీరు నిలవనివ్వని తేలికైన తెల్లని గుళికలు) కలిపి ఎత్తుగా కట్టిన మడిలోకి మొక్కను మార్చాలి. ఆకులు పూర్తిగా ఎండిన తరువాతే ఆ మార్పు చేయాలి. అడ్డంగా పరుచుకునే వేళ్ళు తెగకుండా వెడల్పుగా తవ్వాలి. ఆకుల మీది నూగు కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది కనుక చేతి తొడుగులు వేసుకోవాలి. ఎరువు వేయడం వేసవి చివరిలోనే ఆపివేయాలి.

కుండీలలోని వాటికి ముప్పు ఎక్కువ, ఎందుకంటే నేలలోని వేళ్ళకు ఉండే రక్షణ కుండీలోని వేళ్ళకు ఉండదు. కుండీని అంచు దాకా మట్టిలో పాతిపెట్టవచ్చు, లేదా వేడి పెట్టని గ్యారేజీలో ఉంచవచ్చు. అక్కడ ఉంచినప్పుడు మట్టి పూర్తిగా ఎండిపోకుండా నెలకొకసారి వేలు పెట్టి చూస్తే చాలు. రోజూ చెంబుతో నీళ్ళు పోసే మన అలవాటును ఆ చలికాలమంతా అదుపులో పెట్టుకోవాలి.

నేల పైపొర గడ్డకట్టిన తరువాత రెండు మూడు అంగుళాల మందాన పైన్ ఆకులు పరచాలి. ముందే పరిస్తే ఎలుకలు అక్కడ కాపురం పెడతాయి. రాలిన మేపుల్ ఆకులు తడిసి అట్టలా అతుక్కుని గాలి ఆడనివ్వవు కాబట్టి వాటిని వాడకపోవడమే మేలు. ఆపైన కురిసే మంచును పారతో తీసివేయనక్కరలేదు. అదే మంచి దుప్పటి.

కొత్తగా కొనదలచినవారు ప్రయోగశాలలో విత్తనం నుంచి పెంచిన సంకరజాతి మొక్కలనే కొనాలి. వాటిలో 'గిసెలా' తొలిసారి పెంచేవారికి అనువైనది. అడవిలో కనిపించిన గులాబీరంగు లేడీ స్లిప్పర్‌ను తవ్వి తేవడం తప్పు, పైగా దండగ కూడా, ఎందుకంటే ఆమ్లగుణం గల ఆ మట్టి, అందులోని శిలీంధ్రాలు మన పెరటిలో దొరకక అది సాధారణంగా బతకదు. మిన్నెసోటాలో రాష్ట్ర పుష్పమైన లేడీ స్లిప్పర్‌ను కోయడం, పెకలించడం 1925 నుంచి చట్టరీత్యా నిషిద్ధం. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలోకి ఆర్కిడ్లన్నీ వస్తాయి. భారతదేశం నుంచి దుంపలను పెట్టెలో పెట్టుకుని రావడం కూడా తగదు.

బ్లెటిల్లా అనే మరో నేల ఆర్కిడ్ సంగతి కొంత వేరు. చైనా, జపాన్ దేశాలకు చెందిన ఈ మొక్క చలిని బాగానే ఓర్చుకుంటుంది కానీ, వసంతంలో తొందరపడి మొలకెత్తుతుంది. ఆ లేత మొలకలోనే పూమొగ్గ కూడా ఉంటుంది కనుక ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగినా ఆ ఏటి పూత పోతుంది. కాబట్టి పైన్ ఆకులను ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీస్తూ, చలి హెచ్చరిక ఉన్న సాయంత్రం మొలక మీద ఖాళీ కుండీని బోర్లించి, ఎండ రాగానే తీసివేయాలి. అలా తీసేటప్పుడు కుండీ లోపలి అంచును కూడా ఒకసారి చూడాలి. మొలకలను తినే నత్తలు పగలు దాక్కునేది అక్కడే.