నల్లగొండ నుంచి శంషాబాద్‌కు: రద్దీ వేళ విమానం అందుకోవాలంటే లెక్క ఎలా వేసుకోవాలి

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి దాదాపు 120 కిలోమీటర్లు. అర్ధరాత్రి దాటాక బయలుదేరితే రెండు గంటల్లో చేరవచ్చు. అదే దారిలో సోమవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరినవారు మూడు గంటలు గడిచినా హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉండవచ్చు. ఎన్ని కిలోమీటర్లో అడిగి, దాన్నిబట్టి బయలుదేరే సమయం నిర్ణయించుకోవడం మన దగ్గర అలవాటు. రద్దీ వేళకు ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే రద్దీ దారి పొడవునా ఒకేలా ఉండదు. నాలుగైదు చోట్ల మాత్రం గడ్డకట్టుకుని ఉంటుంది. ఆ చోట్లు ఏవో తెలుసుకుని, విమానం సమయం నుంచి ఇంటి గడప దాకా వెనక్కి లెక్కించుకుంటూ వచ్చి, అదనంగా పెట్టుకున్న సమయాన్ని దారిలో ఏ భాగానికి ఉంచుకోవాలో తేల్చుకోవడమే ఈ ప్రయాణంలో అసలు పని.

ముందుగా ఒక సంగతి స్పష్టంగా ఉండాలి: టికెట్ మీద అచ్చయిన సమయం మీ గడువు కాదు. దేశీయ విమానాలకు చాలా సంస్థలు సామాను తీసుకునే కౌంటర్‌ను గంట ముందే మూసేస్తాయి, బోర్డింగ్ గేటును సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు. అందుకే దేశీయ ప్రయాణానికి రెండు గంటలు, విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు టెర్మినల్ గుమ్మం దగ్గర ఉండాలని చెబుతారు. గల్ఫ్‌కో అమెరికాకో మొదటిసారి వెళ్తున్నవారికి, కాగితాల తనిఖీ దగ్గర, ఇమిగ్రేషన్ దగ్గర తడబడే సమయం కూడా కలుపుకొని, మూడున్నర గంటలు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం ఉదయం 10.30కి దేశీయ విమానం ఉందనుకుంటే, 8.30కి టెర్మినల్ ముందు దిగాలి. శంషాబాద్ దగ్గర ఔటర్ దిగి, టోల్ దాటి, విమానాశ్రయం రోడ్డు పట్టుకుని, దింపే చోటికి చేరడానికి 15 నిమిషాలు. మనం ఔటర్ ఎక్కే పెద్ద అంబర్‌పేట నుంచి అక్కడి దాకా సుమారు 40 కిలోమీటర్లు, అంటే 35 నిమిషాలు. ఈ లెక్కన 7.40కి పెద్ద అంబర్‌పేటలో ఉంటే సరిపోతుంది. అయినా నేను ఆ లెక్కను 7.15గా రాసుకుంటాను. అదనంగా ఉంచుకునే 25 నిమిషాలు ఇక్కడ ఉండాలి. నల్లగొండలో కాదు, నార్కట్‌పల్లి హోటల్‌లో అసలే కాదు. నార్కట్‌పల్లి నుంచి పెద్ద అంబర్‌పేట దాకా సుమారు 60 కిలోమీటర్లకు మామూలు రోజుల్లో గంట పడుతుంది, సోమవారం ఉదయం గంటా 25 నిమిషాలు వేసుకోవాలి. అంటే 5.50కి నార్కట్‌పల్లి దాటాలి. నల్లగొండ నుంచి అక్కడికి అరగంట. కాబట్టి 5.20కి బండి కదలాలి. 5.20 అంటే ఇంటికి తాళం వేసే సమయం కాదు, చక్రం తిరిగే సమయం. మన ఇళ్ళలో ఈ రెండింటికీ మధ్య ఇరవై నిమిషాలు పోవడం మామూలే, కనుక ఇంట్లోవాళ్ళకు ఐదు గంటలనే చెప్పండి.

ఇక ఆగిపోయే చోట్ల సంగతి. తెల్లవారుజామున నల్లగొండ ఊళ్ళో పెద్ద ఇబ్బంది ఉండదు. ఎనిమిది దాటాక పాఠశాలల పసుపు బస్సులు బయటికి వచ్చాక ఉంటుంది. నార్కట్‌పల్లి రోడ్డులో ఉన్న చెర్వుగట్టు పుణ్యక్షేత్రాన్ని మరిచిపోవద్దు. అమావాస్య రోజు గట్టు దగ్గర ఆటోలు, ట్రాక్టర్లు, కాలినడక భక్తులు రోడ్డంతా ఆక్రమిస్తారు. మాఘంలో జాతర జరిగే రోజుల సంగతి చెప్పనక్కరలేదు. టికెట్ కొనేటప్పుడే క్యాలెండర్‌లో తిథి చూసుకోవడం ఈ దారిలో చాదస్తం కాదు.

నార్కట్‌పల్లిలో విజయవాడ–హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక చిట్యాల, పంతంగి టోల్ గేట్, చౌటుప్పల్ వరుసగా వస్తాయి. చిట్యాలలో భువనగిరి రోడ్డు వైపు తిరిగే బండ్ల వల్ల, చౌటుప్పల్‌లో కంపెనీల షిఫ్టు బస్సుల వల్ల వేగం తగ్గుతుంది. పంతంగిలో మాత్రం రోజునుబట్టి లెక్క మారుతుంది. సంక్రాంతికి ముందు టీవీల్లో కనిపించే ఆ మైలు పొడవు వరుసలు విజయవాడ వైపు వెళ్ళేవి, అవి మనకు ఎదురువైపు. మనల్ని పట్టి ఆపేది కనుమ దాటాక, మూడు నాలుగు రోజుల పాటు, హైదరాబాద్‌కు తిరిగొచ్చే జనం. ప్రతి ఆదివారం సాయంత్రం, సోమవారం ఉదయం ఇదే కథ చిన్న ఎత్తున జరుగుతుంది: సూర్యాపేట, ఖమ్మం, నల్లగొండ నుంచి సెలవు ముగించుకుని పట్నం చేరేవారంతా మన వైపు రోడ్డు మీదే ఉంటారు. మంగళవారం, బుధవారం ప్రయాణం పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి.

ఔటర్ దగ్గరికి వచ్చాక చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను. మా మేనల్లుడు ఉద్యోగంలో చేరడానికి పుణె వెళ్తున్నాడు. వనస్థలిపురంలో ఉండే మా చిన్నమ్మ తానూ సాగనంపడానికి వస్తానంటే, పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కాల్సినవాళ్ళం నేరుగా పట్నంలోకి వెళ్ళాం. ఆమెను ఎక్కించుకునేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి వెనక్కి రావడం దండగనిపించి, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా పోదామనుకున్నాం. మ్యాప్‌లో అది దగ్గరి దారే. ఒక సిటీ బస్సు వెనక ఎన్ని నిమిషాలు నిలబడ్డామో గాని, దాని వెనక అద్దం మీద అంటించిన ట్యూషన్ ప్రకటనలోని ఫోన్ నంబరు మా అక్కకు కంఠస్థమైంది. పిల్లవాడు మాట్లాడటం మానేసి ఫోన్‌లో గడియారం చూస్తూ కూర్చున్నాడు. కౌంటర్ మూసే సమయానికి పన్నెండు నిమిషాల ముందు చేరాం. తీరా అక్కడ సంచి మూడు కిలోలు ఎక్కువ తూగింది. అక్క రెండు రోజులు కూర్చుని చుట్టిన సకినాల డబ్బా మాతోనే తిరిగొచ్చింది.

అప్పటి నుంచి నా నియమం ఒకటే: ఉదయం ఎనిమిది నుంచి పదకొండు మధ్య, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్య నగరంలోకి అడుగు పెట్టను. పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కితే బొంగుళూరు, రావిర్యాల, తుక్కుగూడ, పెద్ద గోల్కొండ దాటి శంషాబాద్‌లో దిగడమే. కిలోమీటర్లు పెరుగుతాయి, సిగ్నళ్ళు మాత్రం ఒక్కటీ ఉండవు. 158 కిలోమీటర్ల ఈ రింగు మీద గరిష్ఠ వేగం 120 అని బోర్డులున్నా, ఆలస్యమైనదంతా ఇక్కడ రాబట్టుకోవాలన్న ఆలోచన వద్దు. ఈ 40 కిలోమీటర్లను వందకు బదులు 120తో నడిపితే మిగిలేది నాలుగు నిమిషాలు. ద్విచక్ర వాహనాలను ఔటర్ మీదికి రానివ్వరు. పెట్రోలు, మూత్రవిసర్జన, టీ అన్నీ చౌటుప్పల్ దాటేలోపే ముగించుకోండి. ఔటర్ మీద టోల్ డబ్బు కోసేది ఎక్కేటప్పుడు కాదు, దూరాన్నిబట్టి దిగేటప్పుడు. కాబట్టి ఫాస్టాగ్ తేడా చేస్తే అది శంషాబాద్ దగ్గర, సరిగ్గా సమయం లేనప్పుడే బయటపడుతుంది. జాతీయ రహదారుల కోసం 2025 ఆగస్టు నుంచి వచ్చిన ఏడాది పాస్ పంతంగిలో పనికొస్తుంది, ఔటర్ మీద చెల్లదు. పాస్ ఉందన్న ధీమాతో ఖాతాలో పైసలు వేయనివారు ఇక్కడే దొరికిపోతారు.

పాలమూరు వారిది ఇంతకన్నా సులువైన దారి. మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ నుంచి అప్పన్నపల్లి, జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే విమానాశ్రయం సుమారు 80 కిలోమీటర్లు. ఔటర్ అవసరమే లేదు. మామూలుగా గంటన్నర, రద్దీ వేళ రెండుంబావు గంటలు వేసుకోవచ్చు. పోలేపల్లి సెజ్ షిఫ్టు బస్సులు, రాయికల్ టోల్ గేట్, కొత్తూరు పరిశ్రమల ప్రాంతం, చివరగా శంషాబాద్ ఊరు, ఇవీ ఆగే చోట్లు. వీటిలో మూడు చివరి ముప్పై, నలభై కిలోమీటర్లలోనే ఉన్నాయి కాబట్టి, షాద్‌నగర్ దాటే సమయాన్ని కొండగుర్తుగా పెట్టుకోండి: టెర్మినల్ చేరాల్సిన సమయానికి అక్కడ మీ చేతిలో గంటా పావు లేకపోతే ఆలస్యమైనట్టే. దేవరకొండ వైపు వారు మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగుళూరులోను, అచ్చంపేట, కల్వకుర్తి వారు ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తుక్కుగూడలోను ఔటర్ ఎక్కుతారు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలు ఎక్కువ. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య వాటి బస్సులు ఎదురవుతాయి.

ఈ లోపలి రోడ్ల మీద చీకట్లో వెళ్ళేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కోతల కాలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, పట్టాలు ఎగరకుండా అంచుల్లో బండరాళ్ళు పెడతారు. వడ్లు ఎత్తేశాక కూడా ఆ రాళ్ళు కొన్ని అక్కడే మిగిలిపోతాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ కూడా ఇక్కడే తగులుతుంది. అదనంగా పదిహేను నిమిషాలు వేసుకుని నెమ్మదిగా నడపడం తప్ప దీనికి మరో ఉపాయం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచుకు ఇంకో అరగంట కలపాలి.

గూగుల్ మ్యాప్స్‌ను బయలుదేరే ముందు చూసి లాభం లేదు. ఒక వారం ముందు, వారంలో అదే రోజు, అదే గంటకు చూడండి; ఫలానా సమయానికి చేరాలని పెట్టి వెతికితే అది కనిష్ఠ, గరిష్ఠ సమయాలు రెండూ చూపుతుంది, గరిష్ఠాన్నే తీసుకోండి. గమ్యం దగ్గర రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం, ప్రయాణికుల టెర్మినల్ అన్నది సరిచూసుకోవాలి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారినా, బేగంపేట పేరు మ్యాప్‌లో ఇంకా ఉంది. శంషాబాద్‌లోనే కార్గో టెర్మినల్ వేరేగా ఉంది.

ముందు రాత్రే ముగించాల్సిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది తూకం. దేశీయ టికెట్లలో చాలావాటికి 15 కిలోల సామాను, చేతి సంచికి 7 కిలోలు పరిమితి. ఇంట్లో కాంటా లేకపోతే వీధి చివరి కిరాణా దుకాణంలో తూచండి. ఆవకాయ డబ్బా చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గర ఆపుతారు, అది లోపలికి పంపే పెట్టెలోనే ఉండాలి. వెబ్ చెక్-ఇన్ ముందే చేసుకుని, స్టెప్నీలో గాలి చూసుకుని, సామాను డిక్కీలో సర్దేసి పడుకోండి. సాగనంపడానికి మూడు బండ్లలో బంధువులు రావడం మన దగ్గర ఆనవాయితీ, కాదనడం కష్టమే. అయితే టికెట్ లేనివారిని టెర్మినల్ లోపలికి రానివ్వరు, దింపే చోట బండిని ఎక్కువసేపు నిలపనివ్వరు. వెనకబడిన మూడో బండి కోసం మొదటి బండి దారిలో ఆగుతుంది. బొట్టు పెట్టడం, దండలు, ఫోటోలు ఇంటి దగ్గరే ముగించి, ఒకే బండిలో వెళ్ళండి.

ఇంత చేసినా ఆలస్యం కావచ్చు. అప్పుడు నిర్ణయం తీసుకోవాల్సిన చోటు శంషాబాద్ కాదు, పంతంగి. అక్కడ గడియారం చూడండి. మన ఉదాహరణలో 6.30కి పంతంగి దాటితే అంతా సవ్యంగా ఉన్నట్టు, 7.15 అయితే ఇరుకు. ఎనిమిదైతే కౌంటర్ అందడం అనుమానమే. లోపలికి పంపే సామాను లేకపోతే, వెబ్ చెక్-ఇన్ అయిపోయి ఉంటే, మీకు గేటు మూసే సమయమే గడువు, కాబట్టి సాగిపోవచ్చు. పెట్టెలుంటే మాత్రం బండి నడపనివారు అప్పుడే విమాన సంస్థకు ఫోన్ చేసి తర్వాతి విమానానికి మార్పించుకోవాలి. ఆ వీలు విమానం బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందే ముగిసిపోతుంది. ఆ తర్వాత టికెట్‌లో చాలా భాగం పోయినట్టే. జాతీయ రహదారి మీద బండి మొరాయిస్తే 1033కు ఫోన్ చేయండి. దింపి తిరిగొచ్చేటప్పుడు తెల్లవారుజాము నిద్ర నడిపేవారి కళ్ళ మీదికి వస్తుంది. ఔటర్ దిగాక, చౌటుప్పల్‌లో బండి ఆపి, ఈసారి తీరిగ్గా టిఫిన్ చేయండి.