స్వచ్ఛంద సేవకు గుర్తింపు – నాలుగో పాఠం: ప్రశంసాపత్రంలో పని కనిపించాలి

మూడో పాఠంలో సేవా రిజిస్టరు గురించి చెప్పినప్పుడు, ఎవరు ఏ రోజున వచ్చారు, ఎన్ని గంటలు పనిచేశారు అన్న రెండు గడులనైనా తప్పకుండా నింపమని కోరాను. చాలామంది శ్రద్ధగా నింపారు. అయితే కొన్ని సంఘాల్లో నెలాఖరున ఆ గంటలు కూడి, మొదటి ముగ్గురిని వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. ఆ తరువాత ఏం జరిగిందో మీరే రాశారు. ఒక రక్తదాతల సంఘంలో నాలుగో స్థానంలో నిలిచినాయన మరుసటి శిబిరానికి రాలేదు. ఒక అన్నదాన బృందంలో తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి, కూరగాయలు తరిగి, ఇంటి పనికి వేళవుతోందని వెళ్లిపోయే ఇద్దరు మహిళల పేర్లు అసలు రిజిస్టరులోకే ఎక్కలేదు, ఎందుకంటే రిజిస్టరు రాసే కుర్రవాడు వచ్చేది ఎనిమిదింటికి. ఇందులో మీ తప్పు లేదు. గంటలు ఎందుకు రాస్తామో నేను అప్పుడే చెప్పి ఉండవలసింది.

గంటలు అర్హతను తేలుస్తాయి, ఎవరు గొప్పో తేల్చవు. మనందరికీ తెలిసిన జాతీయ సేవా పథకాన్నే చూడండి. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఈ పథకంలో, విద్యార్థి ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొంటే ధ్రువపత్రానికి అర్హత వస్తుంది. ఆ గీత దాటినవారందరూ అర్హులే. విశేష కృషికి ఇచ్చే జాతీయ పురస్కారాలు 1993–94లో వేరుగా ఏర్పడ్డాయి. ఇక బ్యాడ్జి మీద ఉండే కోణార్క రథచక్రం, రోజులోని 24 గంటలకు గుర్తుగా నిలిచే దాని ఎనిమిది ఆకులు, నిన్న చేరినవారికీ రెండేళ్లు పనిచేసినవారికీ ఒకటే. మీరు కూడా మీ సంఘానికి తగిన గీత ఒకటి గీసుకొని, దాన్ని దాటిన ప్రతి ఒక్కరికీ ఒకే రోజున ఒకే పత్రం ఇవ్వండి. రిజిస్టరును మాత్రం మొదట వచ్చేవారి చేతిలో పెట్టండి.

మాట గురించి ఒక చిన్న వివరణ. ఆంధ్రప్రదేశ్‌లో ‘వాలంటీరు’ అనగానే 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ గుర్తుకొస్తుంది. అది నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో నడిచింది కనుక ఈ పాఠాల పరిధిలోకి రాదు. అందుకే స్వచ్ఛంద సేవకులు అనే రాస్తున్నాను.

ఇక ప్రశంసాపత్రం. కాగితం, అచ్చు, సంతకాలు, జ్ఞాపికలు మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. నన్ను నిజంగా బాధపెట్టేది ‘అమూల్యమైన సేవలు’ అన్న ఒక్క మాట. మీరు పంపిన నమూనాల్లో దాదాపు అన్నింటిలోనూ అది ఉంది, దాని వెనకే ‘నిస్వార్థంగా’, ‘అహర్నిశలు’, ‘అంకితభావంతో’ వరుస కట్టాయి. ఈ మాటల్లో అబద్ధం లేకపోవచ్చు, కానీ పేరు మార్చి అదే పత్రాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు. పుచ్చుకున్న మనిషికి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. చదువుకునే రోజుల్లో ఒక సంస్థ తరఫున వారం రోజులు పల్లెలో ఇంకుడు గుంతలు తవ్వాను. చివరి రోజున నా చేతికి వచ్చిన పత్రంలో పేరు ఉండవలసిన చోట చుక్కల గీత ఉంది. పేరు మీరే రాసుకోండి అన్నారు. నేను రాసుకోలేదు, ఆ కాగితం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఒక పాఠకురాలు పంపిన పత్రం ఇలా ఉంది: ‘బుడమేరు వరదల సమయంలో ప్రాణాలకు తెగించి, అహర్నిశలు అమూల్యమైన సేవలందించినందుకు ఈ ప్రశంసాపత్రం.’ ఆ అబ్బాయి ఏం చేశాడని అడిగాను. సహాయం చేశాడండీ అన్నారు. ఏం సహాయం అంటే, పాలు పంచాడన్నారు. పాలు చాలామంది పంచారు కదా, అతను రాకపోతే ఏ పని ఆగిపోయేదని అడిగితే, కాసేపు ఆలోచించి అసలు సంగతి చెప్పారు. ఆ సంభాషణ తరువాత ఆమె తిరగరాసిన పత్రం ఇది: ‘2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగి ఉన్నప్పుడు, మీరు నాలుగు రోజులపాటు మోకాలి లోతు నీళ్లలో తిరిగి, పై అంతస్తుల్లో జనం చిక్కుకున్న ఇళ్లలో పసిపిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో అడిగి నోటుపుస్తకంలో రాసి, ఆ జాబితాను పడవలవారికి ఇచ్చారు. పాల ప్యాకెట్లు ముందుగా ఆ ఇళ్లకు చేరాయి.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, ఆ నోటుపుస్తకం మాత్రం కళ్లకు కడుతుంది. ఈ పత్రాన్ని ఇంకొకరికి ఇవ్వలేరు.

‘ఈ మనిషి రాకపోతే ఏ పని ఆగిపోయేది’ అన్న ప్రశ్నే నాకు తెలిసిన దగ్గరి దారి. పని జరిగిన సాయంత్రమే ఆ ప్రశ్న వేసుకొని, ఫోనులో ఒక వాక్యం రాసి పెట్టుకుంటాను, వారం దాటితే అది మళ్లీ ‘సేవలు’గా మారిపోతుంది. రక్తదాన శిబిరంలో భయపడుతున్న కొత్త దాత పక్కన కూర్చొని మాట్లాడిన మనిషి, ఫారాలు నింపడం రానివారికి నింపి పెట్టిన మనిషి, చివరన బల్లలు మోసిన మనిషి, ఎవరి వాక్యం వారికి దొరుకుతుంది.

నలుగురికీ చాటేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. అక్టోబరు 1న, అంటే జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, ‘నెలనెలా రక్తం ఇచ్చే మహాదాత’ అని ఫ్లెక్సీ వేశామని ఒకరు రాశారు. రక్తదానానికీ రక్తదానానికీ మధ్య పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజులు ఎడం ఉండాలన్నది నిబంధన. ఆ ఫ్లెక్సీ దాత గౌరవాన్ని పెంచకపోగా, చదివిన కుర్రవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఎన్నిసార్లు ఇచ్చారో అంతే రాయండి. ఫొటో వేసే ముందు సేవకుడిని మాత్రమే కాదు, సేవ పొందినవారినీ అడగాలి. అన్నం పళ్లెం పట్టుకున్న ముసలమ్మ ముఖాన్ని ఊరంతా చూపించి ఇచ్చే గుర్తింపు నాకు సమ్మతం కాదు, చేతులు కనిపిస్తే చాలు. వేదిక కన్నా పనిచేసిన చోటే, తోటివారి ఎదుట పత్రాన్ని చదివి వినిపించడం నాకు ఇష్టం. ముఖ్య అతిథి కోసం రెండు గంటలు ఎదురుచూసిన మనిషికి శాలువా బరువుగానే ఉంటుంది.

అభ్యాసం. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1985లో డిసెంబరు 5ను అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినంగా నిర్ణయించింది. ఆ తేదీలోగా మీ రిజిస్టరులో అతి తక్కువ గంటలున్న పదిమందిని తీసుకొని, ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు రాయండి. విశేషణం ఒక్కటి కూడా ఉండకూడదు. రాసినదాన్ని ముందుగా వారికే చదివి వినిపించి, వారు దిద్దినట్టు దిద్దండి. రిజిస్టరులోకి ఎక్కనివారు ఎవరైనా ఉన్నారా అని ఆ పదిమందినీ అడిగి, పదకొండో పత్రం వారికి రాయండి.