లైనక్స్ నిర్వహణ తొలి పాఠాలు: అనుమతుల దగ్గర ఆగండి
గుంటూరు కళాశాలలో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్వహణను తొలిసారి బోధించేవారు, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ (దాని కేంద్ర భాగం) విడుదల చేసిన కథను ఐదు నిమిషాల్లో ముగించి, ప్రతి విద్యార్థికీ ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) అప్పగించడం మేలు. పాడుచేసినా ముందే భద్రపరచిన స్థితికి, అంటే పాత స్నాప్‌షాట్‌కు, తిరిగి వెళ్లవచ్చు కనుక వారికి బెరుకు ఉండదు.

ఎక్కువ సమయం ఫైలు అనుమతులకే కేటాయించండి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని బోర్డు మీద రాసి, వాటిని కూడగా వచ్చే అంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, ఇతరులకు వర్తిస్తాయని చెప్పి, 640 అంటే యజమాని చదివి రాయగలడని, గ్రూపులోని వారు చదవడం మాత్రమే చేయగలరని, ఇతరులకు ఏ హక్కూ లేదని వారి నోటనే చెప్పించండి. అనుమతి దొరకని ప్రతిచోటా 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టేసే అలవాటును (నా తరగతిలో ఏటా చూసేదే) అక్కడే మాన్పించాలి.

డైరెక్టరీ (ఫోల్డర్) విషయంలో ఆ 1 లోపలికి వెళ్లే హక్కు. దాన్ని తీసేసి ‘సీడీ’ (డైరెక్టరీలోకి వెళ్లే ఆదేశం) కొట్టిస్తే వెంటనే తెలుస్తుంది. అన్ని హక్కులూ ఉన్న నిర్వాహక యూజర్ రూట్‌కు ఈ అడ్డు వర్తించదు కనుక మామూలు యూజర్‌గానే చేయించండి.